కింద మడిగె, మీద కాపురం: చార్మినార్ చుట్టుపక్కల బజార్లు

(పాతబస్తీ నడకకు ముందురోజు సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని ఎక్కించినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. ముందు ఖాళీలున్నాయి, వచ్చి కూర్చోండి.

రేపు పొద్దున మనం మదీనా చౌరస్తా దగ్గర మొదలుపెట్టి, పత్తర్‌గట్టి మీదుగా మచ్లీ కమాన్ దాటి, గుల్జార్ హౌజ్, చార్మినార్, అక్కణ్ణుంచి పడమటికి తిరిగి లాడ్ బజార్, ఆ చివర మహబూబ్ చౌక్ గడియారం దాకా నడుస్తాం. అంతా కలిపితే కిలోమీటరున్నర లోపే. అయితే మూడు గంటలు పడుతుంది. ఎందుకంటే ప్రతి పది అడుగులకూ ఆగి తల పైకెత్తి చూడాలి. తల పైకెత్తడం ఎందుకో చెప్పడానికే ఈ సాయంత్రం.

మీలో చాలామంది చార్మినార్ చూసినవాళ్ళే. పెళ్ళి గాజులకు వెళ్ళి ఉంటారు, రంజాన్ రాత్రి వెళ్ళి ఉంటారు, చుట్టాలొస్తే తీసుకెళ్ళి ఉంటారు. అందుకని కట్టడం గురించి తక్కువ చెబుతాను, పేట గురించి ఎక్కువ చెబుతాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతా అంతా దాని చుట్టే తిరుగుతుంది. ఈ పేట ఒక అమరిక మీద నిలబడింది. కింద మడిగె, అంటే దుకాణం, మీద కాపురం, వెనక గల్లీలో పనివాడు. అమ్మేవాడు, కాపురముండేవాడు, చేసేవాడు, ముగ్గురూ కేక వేస్తే పలికేంత దూరంలో ఉంటారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఖాళీ అయినా రెండోది కుంటుతుంది. రెండోది కుంటితే మూడోది ఎంతో కాలం ఉండదు. గుర్తుపెట్టుకోండి: కింద మడిగె, మీద కాపురం, వెనక పనివాడు.

సరే, మొదటినుంచీ వద్దాం. చార్మినార్ 1591లో కట్టారు. హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం. కట్టించినది మహమ్మద్ కులీ కుతుబ్ షా. మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారే, ఆ ఇబ్రహీం కుతుబ్ షా కొడుకు. ఊరి నక్షా వెనక ఉన్న మనిషి ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ. కట్టడం ఒక్కో పక్క 20 మీటర్లు, మినార్లు నేల నుంచి 48 మీటర్ల పైచిలుకు, లోపల మెలికలు తిరిగే మెట్లు 149. నాలుగు పక్కలా కనిపించే గడియారాలు మాత్రం చాలా తర్వాతివి, 1889లో పెట్టారు. అంకెలు ఇంతటితో చాలు.

అసలు చూడవలసింది ఇది. దాన్ని ఎక్కడ కట్టారు? కోట లోపల కట్టలేదు. గుట్ట మీద కట్టలేదు. చౌరస్తాలో కట్టారు. నాలుగు పక్కలా నాలుగు కమాన్లు, ఒక్కొక్కటీ 11 మీటర్ల వెడల్పు, నాలుగు దారుల మీదికి తెరుచుకున్నాయి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు, అంటే మన బందరుకు, సరుకు పోయే దారి ఇది. అంతకు పదమూడేళ్ళ ముందే, 1578లో, మూసీ మీద పురానా పుల్ కట్టేశారు. వంతెన ముందు, ఊరు తర్వాత. బండి దాటడానికి వీలయ్యాక బజారు వచ్చింది, బజారుకు గుర్తుగా చార్మినార్ వచ్చింది. బజారే ఈ ఊరికి పునాది. ఎవరైనా మీతో "చార్మినార్ చుట్టూ అంగళ్ళు లేకపోతే ఎంత బాగుండేదో" అంటే, ఆ మాట ఎంత తలకిందులుగా ఉందో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

చార్మినార్‌కు ఉత్తరాన చార్ కమాన్. నాలుగు విడి కమాన్లు, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. దాని పాత పేరు చార్ సూ కా హౌజ్. ఉత్తరానిది మచ్లీ కమాన్, తూర్పుది కాలీ కమాన్, దక్షిణానిది చార్మినార్ కమాన్, పడమటిది సహర్-ఎ-బాతిల్ కమాన్. క్షుద్రాన్ని పారనివ్వనిది అని ఆ పేరుకు అర్థం. జనం నోట్లో నలిగి నలిగి అది షేర్-ఎ-బాతిల్ అయింది. ఆ పడమటి కమాన్ నుంచే రాజు మహలుకు దారి ఉండేది. మహలు లేదు. కమాన్ ఉంది, కమాన్ కింద నుంచి మోటారు సైకిళ్ళు పోతున్నాయి. రేపు అక్కడ కమాన్ కాళ్ళు చూడండి. కాళ్ళకు ఆనించి మడిగెలు కట్టారు. మడిగెకు అర కావాలి, అరకు మేకు కావాలి. మేకు దిగిన చోట సున్నపు పూత పగులుతుంది, పగులులోకి వాన నీరు దిగుతుంది. నాలుగు వందల ఏళ్ళనాటి కమాన్ ఒక్క దెబ్బకు పడదు, మేకు వెంట మేకుగా వదులవుతుంది.

ఇప్పుడు పత్తర్‌గట్టికి వద్దాం. 1908 సెప్టెంబరు 28. మూసీ వరద. ఇది మీకు తెలిసిన కథే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు కదా, ఆ వరద. వరద తర్వాత రెండు పనులు జరిగాయి. ఒకటి నది పైన: విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. రెండోది ఊరి లోపల: 1912లో ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరాభివృద్ధి మండలి, పెట్టారు. ఇరుకు గల్లీలు వెడల్పు చెయ్యడం, ముంపు లేని ఇళ్ళు కట్టడం, బజార్లు తీర్చడం దాని పని. పత్తర్‌గట్టి ఆ మండలి చేతి పనే.

దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. రోడ్డుకు రెండు పక్కలా చెక్కిన నల్లరాతి ముఖం. కింద వరసగా కమాన్లు, కమాన్ల వెనక నడిచేవాళ్ళకు వసారా, వసారా వెనక మడిగె. మడిగె మీద, వసారా మీద కలిపి పై అంతస్తు: కాపురం. వసారా వల్ల ఎన్ని పనులు జరుగుతున్నాయో లెక్కపెట్టండి. ఏప్రిల్ ఎండ మడిగెలో పడదు, బట్టల రంగు వెలిసిపోదు. వాన జల్లు లోపలికి కొట్టదు. కొనేవాళ్ళు ఎండలో నిలబడకుండా పది మడిగెలు చూడగలరు. మీద ఉండే కాపురానికి వసారా పైకప్పు అదనపు జాగా. పక్కపక్కన మడిగెలన్నీ ఒకే గోడను పంచుకుంటాయి, కాబట్టి పడమటెండ ఒక్క ముఖానికే తగులుతుంది. ఇదంతా కరెంటు లేకుండా పనిచేసే ఏర్పాటు.

మరి ఇప్పుడు ఏమైంది? చాలా చోట్ల వసారాను మడిగెలో కలిపేసుకున్నారు. షట్టరు రోడ్డు అంచుకు వచ్చింది. కమాన్ నోరు సైన్‌బోర్డుతో మూసుకుంది. నీడ పోయింది, గాలి పోయింది, కాబట్టి ఏసీ వచ్చింది. ఏసీ వచ్చింది కాబట్టి అద్దం తలుపు వచ్చింది. ఏసీ విసిరే వేడిగాలి పైన కాపురం ఉన్నవాళ్ళ కిటికీలోకి పోతోంది. మీద ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళుంటారు చెప్పండి? వాళ్ళు ఖాళీ చేస్తారు. ఆ అర్రలు గోదాములవుతాయి. ఇక్కడే మన మూడు కాళ్ళ పీటకు ఒక కాలు విరుగుతుంది. దీని గురించి మళ్ళీ వస్తాను.

అంతకు ముందు లక్క. చాలామంది దీని కోసమే వచ్చారని నాకు తెలుసు.

లాడ్ బజార్, లక్క పని

లాడ్ బజార్ చార్మినార్‌కు పడమట. లాడ్ అంటే గారాబం అని కొందరంటారు, లక్క నుంచే వచ్చిందని ఇంకొందరంటారు. పేరు ఎలా వచ్చినా పని లక్కది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, మీరు జీఐ ట్యాగ్ అంటారే, అది వచ్చింది. బజారులో అమ్మే గాజులన్నీ లక్కవి కావు, అది ముందు తెలుసుకోవాలి. గాజు గాజులు ఎక్కువగా ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. ఇక్కడ చేసేవి రాళ్ళు పొదిగిన లక్క గాజులు.

లక్క ఎక్కడిది? పురుగుది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు కప్పుకునే పెంకు అది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఎక్కువగా వస్తుంది. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే రంగు కూడా లక్కదే. అక్కడ తిరిగే కొయ్య మీద లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి కరిగి పూత పడుతుంది. ఇక్కడ నిప్పుల వేడికి మెత్తబరిచి చేత్తో సాగదీస్తారు. సరుకు ఒకటే, చెయ్యి వేరు.

పని ఎలా జరుగుతుందో చెబుతాను, రేపు గల్లీలో చూసినప్పుడు అర్థమవుతుంది. లక్కను కరిగించి, అందులో మెత్తటి రాతిపొడి, కొంచెం బంక కలిపి ముద్ద చేస్తారు. పొడి తక్కువైతే గాజు వేసవిలో వంగుతుంది. ఎక్కువైతే పెళుసెక్కి కింద పడగానే పగులుతుంది. ఆ పాళ్ళు కాగితం మీద ఉండవు, ముద్దను లాగి చూసి చెప్పేస్తారు. తీగలా సాగితే సరి, తునిగితే ఇంకాస్త లక్క. ముద్దను కర్ర కొనకు అంటించి బొగ్గుల మీద తిప్పుతూ, రంగు లక్క బిళ్ళను దాని మీద రుద్దుతారు. రంగు పైపొరగా పడుతుంది. తర్వాత వేడి పలక మీద పెట్టి, పిడి ఉన్న చెక్కతో ఒత్తుతూ దొర్లిస్తే సన్నటి కడ్డీ వస్తుంది. కడ్డీని కొలతకు కోసి, రెండు కొనలూ వేడి చూపించి కలిపి, కొన సన్నగా మొదలు లావుగా ఉన్న గుండ్రటి కొయ్యకు తొడుగుతారు. కొయ్య మీద ఎంత దూరం దిగితే అంత సైజు. అతుకు చల్లబడేలోపే నున్నగా చెయ్యాలి. అతుకు దగ్గర గీత కనిపించిందంటే వేడి చాలలేదన్నమాట. ఆ గాజు అక్కడే విరుగుతుంది. ఇప్పుడు చాలామంది విరక్కుండా లోపల సన్నటి లోహపు కడియం పెట్టి, దాని మీద లక్క పొదుగుతున్నారు. అది మోసం కాదు, మన్నిక కోసం చేసే పని.

ఆ తర్వాత రాళ్ళు. గాజును మళ్ళీ వేడి పలక మీద ఉంచి మెత్తబడగానే, చిమ్టాతో ఒక్కో రాయి తీసి వరసలో ఒత్తుతారు. వేడి ఎక్కువైతే రాయి లోపలికి మునిగిపోతుంది, మెరుపు కనబడదు. తక్కువైతే పైన అంటుకున్నట్టుండి నెల తిరక్కుండా రాలిపోతుంది. రాయి సగం లోపల, సగం బయట ఉండాలి. ఈ రాళ్ళ పని చాలావరకు ఇళ్ళలో ఆడవాళ్ళు చేస్తారు. బజారు మడిగె నుంచి గాజులు సంచిలో ఇంటికి వెళ్తాయి, పొదిగి తిరిగి వస్తాయి. ఇల్లు బజారుకు నడిచివెళ్ళేంత దూరంలో ఉంటేనే ఈ పని సాగుతుంది. పొద్దున ఇచ్చిన డజను సాయంత్రానికి కావాలంటే పనివాడి ఇల్లు ఊరి చివర ఉంటే కుదురుతుందా? చూశారా, మళ్ళీ మన మాటకే వచ్చాం.

గాజు కొనేవాళ్ళ కోసం కొలత మాట. మడిగెలో 2.4, 2.6, 2.8, 2.10 అంటారు. 2.10 అంటే 2.8 కంటే చిన్నదనుకుని పొరపాటు పడేవాళ్ళు చాలామంది. అది దశాంశం కాదండీ. రెండు అంగుళాల మీద ఎన్ని వీసాలో చెప్పే అంకె. వీసం అంటే పదహారో వంతు, మన పెద్దవాళ్ళ లెక్కే. 2.4 అంటే రెండు అంగుళాల నాలుగు వీసాలు, అంటే రెండుంపావు అంగుళం, 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60. 2.8 అంటే రెండున్నర అంగుళం, 63 మిల్లీమీటర్ల చిల్లర. 2.10 అంటే 66 చిల్లర. ఇది గాజు లోపలి అడ్డకొలత. ఇంట్లో మీకు సరిపోయే గాజు మీద స్కేలు పెట్టి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలిచి రాసుకుని వెళ్ళండి. ఆన్‌లైన్‌లో దూరాన ఉన్న ఆడపడుచుకు పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

అసలు లక్కా, కాదా ఎలా తెలుస్తుంది? ఈ మధ్య రెజిన్, దాన్ని గట్టిపరిచే రసాయనం, తెల్లపొడి కలిపిన ముద్దతో చేసినవి బాగా పెరిగాయి. నిప్పు అక్కర్లేదు, తొందరగా అవుతుంది, ధర తక్కువ. వాటిని వాటి పేరు చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. లక్క అయితే కాల్చిన సూది మొన గాజు లోపలి అంచుకు తగిలితే మెత్తగా దిగుతుంది, బంక కాలిన వాసన వస్తుంది. రెజిన్‌లో అంత సులువుగా దిగదు. మడిగెలో మీరు సూది పట్టుకు తిరగక్కర్లేదు, అడగండి, చేసేవాడిని అడిగితే తన పని గురించి గర్వంగా చెబుతాడు.

జాగ్రత్తలు. లక్క 65, 70 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే గాజు గుండ్రంగా తిరిగి రాదు. వేణ్ణీళ్ళకు దూరం. ఇంకొకటి, లక్క నూనెలో కరగదు, నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. కాబట్టి శానిటైజర్, స్ప్రే సెంట్లు తగిలితే మెరుపు పోయి మసకబారుతుంది. అదే పక్క మడిగెలో కొన్న అత్తరు అయితే నూనె మీద చేసింది, అంత భయం లేదు. చేతులకు శానిటైజర్ రాసుకునేవాళ్ళు గాజులు తీసి రాసుకోండి.

ముత్యాల గురించి ఒక్క ముక్క. హైదరాబాదులో ముత్యం పండదు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కువగా చైనా మంచినీటి ముత్యం. ఇక్కడ జరిగేది ఏరడం, తొలచడం, గుచ్చడం. రెండు ముత్యాలు ఒకదానితో ఒకటి మెల్లగా రాస్తే సన్నటి ఇసుకలా గరగరమనాలి, జారిపోతే గాజుపూస. దండ కొనేటప్పుడు ప్రతి ముత్యానికీ మధ్య ముడి ఉందో లేదో చూడండి. ముడి ఉంటే తెగినప్పుడు ఒక్కటే జారుతుంది, పక్కపక్కవి ఒరుసుకోవు. ఛత్తా బజార్ పెళ్ళిపత్రికలు, మదీనా, పటేల్ మార్కెట్ బట్టలు ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్ళను.

మీది అంతస్తు

ఇప్పుడు ఇందాక ఆపిన చోటికి వస్తున్నాను. దయచేసి ఈ భాగం శ్రద్ధగా వినండి. ముఖ్యంగా ఇక్కడ ఇళ్ళున్నవాళ్ళు, మడిగెలున్నవాళ్ళు.

పాత కట్టడాల్లో పైకప్పు ఎలా వేశారు? టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్నటి ఇటుక, దాని మీద సున్నం, ఇటుకపొడి కలిపిన గచ్చు. కాపురానికి చక్కగా సరిపోయే కప్పు అది. మంచం, బీరువా, పదిమంది మనుషులు. ఇవాళ్టి ఇంజనీర్ల లెక్కల పుస్తకంలో కాపురమున్న అర్రకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కగడతారు. గోదాముకు ఎంతో తెలుసా? ఎంత తక్కువైనా 750 కిలోలు. సరుకు ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా పెంచాలి. నాలుగు రెట్లకు దగ్గర. కాపురానికి వేసిన కప్పు మీద బట్టల మూటలు కప్పు అంటేదాకా పేరిస్తే ఏమవుతుంది? దూలం ఒక్కరోజులో విరగదు. ముందు నడుం వంగుతుంది. గోడలో దూలం దిగిన చోట గచ్చు రాలుతుంది. కింద మడిగెలో సామాను మీద సన్నటి పొడి పడుతుంటుంది. దాన్ని దుమ్మనుకుని తుడిచేస్తారు. దయచేసి తుడిచి ఊరుకోకండి. తెల్లటి పొడి ఒకే చోట మళ్ళీ మళ్ళీ పడుతోందంటే పైన దూలం కొన చూపించమని చెప్పాలి. వాన నీరు దిగే మూల అయితే దూలం కొన లోపల పుచ్చి ఉంటుంది, పైకి బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అర అంగుళం సులువుగా దిగితే ఆ మూల మీద బరువు ఆ రోజే దించెయ్యాలి.

రెండోది సున్నం. 2019 మే నెల మొదట్లో వాన పడ్డాక చార్మినార్ మినార్ ఒకదాని మీంచి సున్నపు పనితనం పెచ్చు ఊడి కింద పడింది. అప్పుడు అందరూ చార్మినార్‌కేమైందని కంగారు పడ్డారు. ఇలాంటి పెచ్చులు చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ఏటా పడుతూనే ఉంటాయి, వాటిని ఎవరూ రాయరు. ఎందుకు పడతాయి? పాత సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి రాలేదు. లోపలే ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు ఉబ్బి సిమెంటును నెడుతుంది. సిమెంటు పోతూ పోతూ పాత సున్నాన్ని కూడా పట్టుకుని పెచ్చుగా ఊడుతుంది. "గట్టిగా ఉంటుందని సిమెంటు వేయించాం, రెండేళ్ళకే ఊడింది" అంటారు. గట్టిగా ఉండడమే అక్కడ తప్పయింది.

మరి ఏం చెయ్యాలి? డంగు సున్నం. ఇది మరిచిపోయిన విద్యేమీ కాదు, చేసేవాళ్ళున్నారు. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేసి కనీసం రెండు, మూడు వారాలు ముగ్గనివ్వాలి. తొందరపడితే ముగ్గని పలుకులు గోడ మీద తర్వాత పేలి చిన్నచిన్న గుంటలు పడతాయి. ముగ్గిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు నుంచి మూడు పాళ్ళు, గానుగలో రుబ్బాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు, నునుపు పూతకైతే మారేడు పండు గుజ్జు కూడా. గోడను ముందు బాగా తడపాలి. ఒక్కో పూత సెంటీమీటరుకు మించకూడదు. మందంగా ఒకేసారి వేస్తే బీటలిస్తుంది. తర్వాత వారం రోజులైనా తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. సున్నం ఎండి గట్టిపడదు, గాలి పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి తడి కావాలి. అందుకే మే నెలలో వద్దు, జోరువానల్లో వద్దు. వానలు వెనక్కి తగ్గినప్పటి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఇక గోడలో మొలిచే రావి, మర్రి మొక్కలు. లాగకండి. లాగితే తెగి వేరు లోపల ఉండిపోయి రెండు చోట్ల మొలుస్తుంది. మొదలు కోసి, వేరుకు మందు పెట్టి చచ్చాక తీసి, ఆ సందును సున్నంతో నింపాలి. తొలకరికి ముందే చెయ్యాలి.

మూడోది నిప్పు. 2025 మే 18, ఆదివారం ఉదయం, గుల్జార్ హౌజ్ దగ్గర. కింద దుకాణాలు, మీద కాపురం ఉన్న ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. అందులో చిన్నపిల్లలు. మనలో ఆ ఇంటి ముందు నుంచి నడవనివాళ్ళు లేరు. ఒక్క నిమిషం ఆగుతాను.

ఇందాకటి నుంచి కింద మడిగె, మీద కాపురం మంచిదని చెబుతున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. అయితే మీద కాపురం ఉండాలంటే మీద ఉన్నవాళ్ళు ప్రాణాలతో దిగగలగాలి. ఆ ఇంటికి ఉన్న దారి ఒక్కటే, అదీ ఇరుకు మెట్లు. మెట్లగది పొగగొట్టంలా పనిచేస్తుంది. మంట ఇంకా రాకముందే పొగ పైకి చేరుతుంది, మనిషిని పొగే పడగొడుతుంది. ఈ పేటలో ఇలాంటి ఇళ్ళు వందల్లో ఉన్నాయి. ఇవాళే చెయ్యదగ్గవి చెబుతాను, పెద్ద ఖర్చు లేనివి. కరెంటు మీటర్ల బోర్డు మెట్ల కింద ఉంటే బయటి గోడకు మార్పించండి. మడిగెకూ కాపురానికీ వైరింగు వేరుగా ఉండాలి. రాత్రి మడిగె మూసేటప్పుడు దాని మెయిన్ దించేసి వెళ్ళాలి, కాపురానికి కరెంటు ఆగకుండా. ఏసీకి పాత వైరు మీంచి కొక్కెం వెయ్యొద్దు, బోర్డు నుంచి విడిగా తీగ లాగించండి. 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చి, ఒకటి పెట్టించండి. గోడలకు చెక్క పలకలు, దూది పరుపులాంటి తొడుగులు వద్దు. కరెంటు స్కూటర్ మెట్ల దగ్గర చార్జింగు పెట్టొద్దు. అట్టపెట్టెలు మెట్ల మీద పేర్చొద్దు. అన్నిటికంటే ముఖ్యం మిద్దె. పాత రోజుల్లో మిద్దె మీంచి మిద్దె మీదికి దాటేవాళ్ళు, పతంగుల కాలంలో పిల్లలు చేసే పనే అది. ఇప్పుడు ఇనుప జాలీలు, తాళాలు. పక్కింటివాళ్ళతో మాట్లాడి మధ్య గోడలో చిన్న తలుపు పెట్టించుకోండి, తాళం చెవి రెండు పక్కలా వేలాడదీయండి. మిద్దె తలుపుకు లోపలి నుంచి గడియ మాత్రమే ఉండాలి, తాళం కాదు. రాత్రి చీకట్లో చిన్నపిల్లవాడు కూడా తియ్యగలగాలి. వారానికోసారి తీసి చూడండి.

ఇక ఇవాళ్టి పేట సంగతి. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేసి రాళ్ళు పరిచాక గాలి కొంచెం తేటపడింది, పిల్లల్ని వదిలి నడవడానికి వీలయింది. అదే సమయంలో సరుకు దింపే బండి పక్క గల్లీలోకి తిరిగింది. గల్లీ వెడల్పు పెరగలేదు కాబట్టి అక్కడ కాపురమున్నవాళ్ళ తిప్పలు పెరిగాయి. అంబులెన్సు, ఫైరింజను ఏ గల్లీలోకి ఎక్కడిదాకా వస్తాయో మీ గల్లీ పెద్దలు ఒక్కసారి నడిచి చూసి గుర్తుపెట్టుకోవాలి. పొద్దున పదకొండు దాకా మడిగెలు పూర్తిగా తెరవరు, సాయంత్రం నుంచి రద్దీ. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు నమాజు వేళ ఆ పక్కన నడక కుదరదు. రంజాన్ చివరి పది రాత్రులు సహరీ దాకా బజారు నిద్రపోదు, చూడవలసిందే, కానీ గోడలు చూడటానికి అది వేళ కాదు.

రేపటి ఏర్పాట్లు చెప్పి ముగిస్తాను. ఏడింటికి మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి మొదట్లో. మెట్రోలో వచ్చేవాళ్ళకు దగ్గరి స్టేషన్ ఎంజీబీఎస్, అక్కణ్ణుంచి ఆటో. బండి తెచ్చేవాళ్ళు నది అవతలే పెట్టి నడిచి రండి. అరిగిన చెప్పులు వద్దు, రాళ్ళు నున్నగా ఉంటాయి. నీళ్ళ సీసా, చిన్న కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. కాగితం ఎందుకంటే మీకో పని పెడుతున్నాను. మొదటి కమాన్ నుంచి మహబూబ్ చౌక్ దాకా పై అంతస్తు కిటికీలు చూస్తూ రండి. బట్టలారేసిన తీగ, తులసి కుండీ, పావురాల గంప, ఏదైనా సరే, కాపురముందని తెలిసే గుర్తు కనిపిస్తే ఒక గీత గీయండి. అట్టపెట్టెలు కనిపిస్తే ఒక సున్నా చుట్టండి. చౌక్ గడియారం కింద కూర్చుని అందరి కాగితాలూ కలిపి లెక్కవేద్దాం. తెల్లవారుజామున వాన పడితే తొమ్మిదింటికి మారుస్తాం. తడి రాళ్ళ మీద ఆ చివర కొంచెం ఏటవాలు ఉంది, పెద్దవాళ్ళు ఎవరిదైనా చెయ్యి పట్టుకుని నడవండి.